మామగారు రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు, గోజీ బెర్రీలు ఇవ్వవచ్చా?

కోనసీమ కోడలు:

అందరికీ నమస్కారం. సింగపూర్‌లో ఉద్యోగం చేసే మా మరిది సంక్రాంతికి వచ్చినప్పుడు కిలో గోజీ బెర్రీల పొట్లం తెచ్చాడు. పండుమిరప రంగులో, ముడతలు పడి, ఎండుద్రాక్ష కంటే సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. అక్కడి చైనా మందుల దుకాణంలో కొన్నాడట. కంటికి మంచిది, నడుముకు మంచిది, ఆయుష్షు పెరుగుతుంది అంటూ దుకాణంవాడు చెప్పినవన్నీ పూసగుచ్చినట్టు వాళ్ళమ్మకు చెప్పి విమానం ఎక్కేశాడు. ఆ రోజు నుంచి మా అత్తగారు రాత్రిపూట రెండు గ్లాసుల్లో రెండేసి చెంచాలు నానబెడతారు. తెల్లవారాక వేడి చేసి ఆవిడ ఒక గ్లాసు, మామగారు ఒక గ్లాసు తాగుతారు. అడుగున మిగిలిన పండ్లు పారేయడం ఇష్టం లేక నేను తింటున్నాను.

మామగారికి 71 ఏళ్ళు. గుండెలో మైట్రల్ కవాటం తీసేసి లోహపు కవాటం అమర్చారు. అప్పటినుంచి అసినోకౌమరాల్ మాత్ర వేసుకుంటున్నారు, నెలకోసారి ఐ.ఎన్.ఆర్. (రక్తం ఎంత పలచబడిందో చూపే అంకె) పరీక్ష చేయిస్తాం. అత్తగారికి 66. రెటీనాలో వయసుతో వచ్చే మార్పులు మొదలయ్యాయని కంటి డాక్టరు ఒక క్యాప్సూల్ రాశారు. ఇంట్లో ఈ పండ్లు ఉండగా ఆ క్యాప్సూల్ దండగని ఆవిడ వాదన.

అసలు ఈ పండును అక్కడివాళ్ళు దేనికి వాడతారు? చెప్పేవాటిలో నిజమెంత? మా ఇద్దరు పెద్దవాళ్ళకూ ఇవ్వవచ్చా? పొట్లం అడుగంటుతోంది, ఇంకొకటి పంపమని అత్తగారు ఫోనులో చెప్పేశారు కూడా.


హిమశిఖరం:

నిశ్చింతగా ఇవ్వండి అమ్మా. హిమాలయాల్లో పుట్టిన ఈ పండులో నారింజ కంటే 500 రెట్లు సి విటమిన్ ఉంది. చైనాలో ఒకాయన రోజూ ఇవి తిని 256 ఏళ్ళు బతికాడు, ఆ రోజుల్లో పత్రికల్లో కూడా వచ్చింది. ప్రకృతి ఇచ్చిన పండుకు దుష్ప్రభావాలు ఉండవు. ఎండు పండ్ల కంటే రసం ఇంకా శ్రేష్ఠం, మా దగ్గర సీసాలు దొరుకుతాయి. వివరాలకు సందేశం పంపండి.


పసుపునది:

కోడలుగారూ, మిగతా కథలన్నీ తరువాత. మీ మామగారి గ్లాసు ఇవాళే ఆపించండి.

ఎందుకంటే, 2001లో అమెరికా వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వాడుతూ నిలకడగా ఉన్న 61 ఏళ్ళ చైనా మహిళకు ఉన్నట్టుండి ఐ.ఎన్.ఆర్. 4.1కి పెరిగింది. ఆరా తీస్తే, ఆవిడ గోజీ పండ్ల కషాయం రోజుకు మూడు నాలుగు గ్లాసులు తాగుతోందని తేలింది. కషాయం మానేశాక అంకె దిగివచ్చింది. 2012లో వచ్చిన ఇంకో కేసు మరీ ఘోరం. మోకాలి శస్త్రచికిత్స తరువాత వార్ఫరిన్ వాడుతున్న 71 ఏళ్ళ మహిళ నాలుగు రోజులు గోజీ రసం తాగింది. ముక్కు నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, మలంలో రక్తంతో ఆసుపత్రికి చేరింది. ఇలాంటి కేసులు వేలల్లో లేవు, ఉన్నవి కొన్నే. కానీ లోహపు మైట్రల్ కవాటం ఉన్నవారికి ఐ.ఎన్.ఆర్.ను సాధారణంగా 2.5, 3.5ల మధ్య నిలబెడతారు. పైకి పోతే రక్తస్రావం, కిందికి పోతే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది. ఆ కాస్త సందులో ఏ పండుతోనూ ప్రయోగాలు చేయకూడదు.

మీరు రాసింది అసినోకౌమరాల్, వార్ఫరిన్ కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. రెండూ ఒకే కోవ మందులు. కాలేయంలో రెండింటినీ ముఖ్యంగా ఒకే ఎంజైమ్ విరుస్తుంది, దాని పేరు సి.వై.పి. 2సి9. గోజీ కషాయం ఆ ఎంజైమ్‌ను కొంత అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూశారు. ఆ అడ్డు బలహీనమైనదే, కాబట్టి ఐ.ఎన్.ఆర్. పెరగడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. మీకు కావలసింది కారణం కాదు, జాగ్రత్త.

ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. సంక్రాంతి తరువాత చేయించిన పరీక్షలో అంకె ఎంత వచ్చింది? డాక్టరు మాత్ర మోతాదు ఏమైనా మార్చారా? ఇది చాలా ముఖ్యం.

ఇక మీరు అడిగిన మిగతావి. నేను నింగ్‌షియా రాజధాని యిన్‌చువాన్‌లో ఎం.బి.బి.ఎస్. చదివి వచ్చినవాడిని. చైనా వాయవ్యాన, పసుపు నది ఒడ్డున ఉన్న ఆ ప్రాంతం గోజీకి పుట్టినిల్లు లాంటిది. అందులోనూ జోంగ్‌నింగ్ అనే జిల్లా సరుకంటే అక్కడివాళ్ళకు ప్రాణం. వర్షం అంతంతమాత్రం, నది కాలువల నీళ్ళే ఆధారం, పగలు మండే ఎండ, రాత్రి చలి. వాళ్ళు దీన్ని గౌచీ అంటారు. వంగ, టమాటా, మిరప, మన పెన్నేరు గడ్డ అన్నీ ఈ మొక్క కుటుంబమే. మనిషి ఎత్తు ముళ్ళపొద, చిన్న ఊదారంగు పూలు. వేసవిలో కోత మొదలవుతుంది. తలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్క పండును తొడిమతో సహా వేళ్ళ కొసలతో తుంచి బుట్టలో వేస్తారు. తొక్క ఎంత పలచనంటే కాస్త నొక్కితే చాలు, ఎండేసరికి అక్కడ నల్లబడిపోతుంది. అందుకే కూలీ ఖర్చు ఎక్కువ. పచ్చి పండు కొరికితే ముందు తియ్యగా, వెనకాలే టమాటా వాసన, చివర్లో కొద్దిగా చేదు. తొక్క మీద మైనం పొర ఉంటుంది కాబట్టి సోడా కలిపిన నీళ్ళలో ముంచి తీసి పళ్ళేల్లో ఆరబెడతారు.

హిమశిఖరం గారూ, హిమాలయాల మాట అట్ట మీద బొమ్మ బాగుంటుందని రాసుకునేది. లోకానికి అందే సరుకులో అత్యధికం నింగ్‌షియా, చింగ్‌హాయి, గాన్సు, షిన్‌జియాంగ్ అనే చైనా ప్రాంతాల పొలాల్లోది. చింగ్‌హాయిలో చాలా భాగం టిబెట్ పీఠభూమి మీద ఉంది కాబట్టి టిబెట్ పండు అనడంలో కాసింత నిజం ఉందనుకుందాం. సి విటమిన్ సంగతి మాత్రం ససేమిరా. 100 గ్రాముల ఎండు గోజీలో సుమారు 48 మిల్లీగ్రాములు ఉంటుంది, నారింజలో సుమారు 53. మన జామకాయలో 220 పైనే. మీరు చెప్పిన 256 ఏళ్ళ ఆయన 1933లో పోయాడు. పోయిన సంవత్సరానికి దాఖలా ఉంది, పుట్టిన సంవత్సరానికే లేదు.

ఇక సంప్రదాయం. హాన్ రాజవంశ కాలం నాటిదని చెప్పే షెన్నోంగ్ మూలికా గ్రంథంలో ద్రవ్యాలను మూడు తరగతులుగా విడదీశారు. దీర్ఘకాలం తీసుకున్నా హాని చేయవనే పై తరగతిలో గోజీ ఉంది. 1596లో అచ్చయిన, లీ షీజెన్ అనే వైద్యుడు రాసిన మూలికల మహాగ్రంథంలోనూ దీని ఆకు, పండు, వేరు బెరడు అన్నిటికీ ఉపయోగాలు రాశారు. వాళ్ళ లెక్కలో పండు కాలేయానికి, మూత్రపిండాలకు బలం, ఆ రెండూ బాగుంటే చూపు తేటపడుతుంది, నడుము, మోకాళ్ళు నిలుస్తాయి. వేరు బెరడు వేరే మందు, లోపలి వేడికి, రాత్రి చెమటలకు, దగ్గుకు ఇస్తారు. కళ్ళు మసకలకు ఎండు చామంతి పూలు, గోజీ కలిపి కాచిన నీళ్ళు ఇంటింటి వైద్యం. ఇల్లు విడిచి వెయ్యి లీల (లీ అంటే సుమారు అర కిలోమీటరు) దూరం పోయేవాడు గోజీ తినకూడదని ఒక పాత సామెత కూడా ఉంది. ఎందుకో పెళ్ళయినవాళ్ళు ఊహించుకోండి.

కానీ ఈ వైద్యుల మాటల కంటే నాకు గుర్తుండిపోయింది అక్కడి టీ. నింగ్‌షియాలో హుయి ముస్లింలు ఎక్కువ. ఏ ఇంటికి వెళ్ళినా మూత, గిన్నె, కింద చిన్న సాసరు ఉన్న కప్పు ఇస్తారు. అందులో టీ ఆకు, పటికబెల్లం, గోజీ, ఎండు రేగుపండు, లాంగన్ అనే ఎండు పండు, వాల్‌నట్, నువ్వులు, కిస్‌మిస్. మీద సలసల కాగే నీళ్ళు. మూతతో పైన తేలేవాటిని పక్కకు తోస్తూ తాగాలి, నీళ్ళు అయిపోగానే మళ్ళీ పోస్తారు, చివరికి పండ్లు నమిలి తినేస్తారు. ఎనిమిది రత్నాల టీ అని పేరు. కప్పులో పడే గోజీలు పదో పదిహేనో. మా ప్రొఫెసర్ల బల్లల మీద ఫ్లాస్కుల్లో తేలేవీ అంతే. జ్వరం, జలుబు వచ్చినా, విరేచనాలు అవుతున్నా అవి కూడా తీసేస్తారు. చైనా ఔషధ సంహితలో రాసిన మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాములు. సీసాలకు సీసాలు రసం తాగే ఆచారం ఆ నేల మీద పుట్టింది కాదు, అమ్మేవాళ్ళు పుట్టించింది.

కంటి విషయంలో మాత్రం వాళ్ళ నమ్మకం గాలికి పోయేది కాదు. రెటీనా మధ్యలో మాక్యులా అనే చోట పసుపు వర్ణకం ఉంటుంది. అందులో ముఖ్యమైనవి ల్యూటీన్, జియాజాంథిన్. గోజీలో జియాజాంథిన్ పుష్కలంగా ఉంటుంది, ల్యూటీన్ నామమాత్రం. 2021లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వారు 45 నుంచి 65 ఏళ్ళ మధ్య ఆరోగ్యవంతులకు వారానికి ఐదు రోజులు 28 గ్రాముల చొప్పున 90 రోజులు గోజీ ఇచ్చి చూశారు. ఆ వర్ణకం సాంద్రత పెరిగింది. పోలిక కోసం ల్యూటీన్, జియాజాంథిన్ మాత్రలు ఇచ్చినవారిలో పెరగలేదు. వినడానికి బ్రహ్మాండం. అయితే రెండు గుంపులూ కలిపి 27 మంది, ఎవరికీ కంటి జబ్బు లేదు, కొలిచింది వర్ణకాన్నే కాని చూపును కాదు. మీ అత్తగారి క్యాప్సూల్ వెనుక ఉన్నది వేరే స్థాయి. 2013లో అమెరికా జాతీయ నేత్ర సంస్థ వెలువరించిన పరిశోధనలో నాలుగు వేల మందికి పైగా, వ్యాధి ఉన్నవారే, ఏళ్ళ తరబడి పాల్గొన్నారు. అందులో వాడిన మందు కూర్పులో ల్యూటీన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2, వాటితో పాటు సి, ఇ విటమిన్లు, జింక్, రాగి ఉంటాయి. రెటీనా వ్యాధి మధ్య దశకు చేరినవారికి అది పనికొస్తుంది. కాబట్టి క్యాప్సూల్ మానడానికి వీల్లేదు. మానాలనిపిస్తే కంటి డాక్టరునే అడగమనండి.

ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్న విచిత్రం చూడండి. జియాజాంథిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పండులోనే ఉండిపోతుంది. పైన చెప్పిన కేసుల్లో ప్రమాదం తెచ్చినవేమో కషాయం, రసం. అంటే మామగారు ప్రమాదాన్ని తాగుతున్నారు, అత్తగారు తీపి నీళ్ళు తాగుతున్నారు, కంటికి పనికొచ్చే సరుకంతా కోడలు తింటోంది.


ముత్యాల నది గట్టు:

డాక్టరుగారు ఉత్తరం సంగతి చెప్పారు, నేను దక్షిణం సంగతి చెబుతాను. మా వారి ఉద్యోగం వల్ల గ్వాంగ్‌జౌలో కాపురం. ఇక్కడ కూరల బజారులో గోజీ ఆకు కట్టలుగా దొరుకుతుంది. కాడలు నిటారుగా, గట్టిగా ఉంటాయి, ఆకు ముదురాకుపచ్చ. వీళ్ళు పంది కాలేయంతో, గుడ్డుతో పలచగా సూపు కాస్తారు, చూపుకు మంచిదనే నమ్మకం. దించే ముందు ఎర్ర పండ్లు నాలుగు పైన చల్లుతారు.

మాకు ఆ కాలేయం పడదు కాబట్టి నేను ఆకుతో పప్పు చేస్తాను. కొంచెం చేదు ఉంటుంది, మెంతికూరంత కాదు. కందిపప్పు ముందు ఉడికించి, ఆకు చివర్లో వేయాలి, ఎక్కువ ఉడికితే జిగురుగా అవుతుంది. చింతపండు కంటే నిమ్మకాయ నప్పుతుంది. ఎండుమిరప, వెల్లుల్లి పోపు తప్పనిసరి. ఆకు దూసేటప్పుడు చూసుకోవాలి, కాడ మీద ఆకు మొదట్లో చిన్న ముల్లు దాక్కుని ఉంటుంది. కొన్ని రకాలకు ఉండదు, మన అదృష్టాన్ని బట్టి.

కొనే విషయం ఒకటి చెప్పాలి. మరీ ఎర్రగా నిగనిగలాడేవి కొనకండి. 2024లో చైనా ప్రభుత్వ టీవీయే బయటపెట్టింది. చింగ్‌హాయి, గాన్సుల్లో కొందరు వ్యాపారులు రంగు నిలవడానికి సోడియం మెటాబైసల్ఫైట్ అనే రసాయనం వాడుతున్నారు, పరిశ్రమల్లో వాడే గంధకంతో పొగ పెడుతున్నారు అని. మా పక్కింటి ముసలామె నేర్పిన పద్ధతి ఏమిటంటే, పొట్లం విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ఘాటుగా, అగ్గిపుల్ల గీసిన వాసన వస్తే వెనక్కి ఇచ్చేయాలి. గోరువెచ్చని నీళ్ళలో వేస్తే మంచివి చాలావరకు తేలతాయి, నీళ్ళు లేత పసుపుకు తిరుగుతాయి. వెంటనే ఎర్రబడితే రంగు వేశారన్నమాట. ఇది ఇంటి పరీక్షే, ప్రయోగశాల పరీక్ష కాదు.

నల్ల గోజీ అని ఇంకొకటి మూడింతల ధరకు అమ్ముతారు. అది వేరే జాతి. నీళ్ళలో వేస్తే ఊదారంగు, నీలం రంగు మారుతూ చూడముచ్చటగా ఉంటుంది. నేరేడు పండులో ఉండే ఆంథోసయనిన్ల రంగే అది. ఆ డబ్బుతో నేరేడు పండ్లు కొనుక్కోవచ్చని నా అభిప్రాయం.


కోనసీమ కోడలు:

పసుపునది గారూ, చదవగానే గుండె ఝల్లుమంది. గ్లాసు ఆపించాను. ఫైలు తీసి చూశాను. డిసెంబరులో 2.9, జనవరి మొదటివారంలో 2.8. ఫిబ్రవరిలో 3.9 వచ్చింది. తిండిలో మార్పు ఉందా అని డాక్టరు అడిగితే మామగారు లేదన్నారు, నీళ్ళు తిండి కాదు కదా అని ఆయన లెక్క. వారంలో రెండు రోజులు మాత్ర సగం చేశారు. ఆపేశాం కాబట్టి ఇక భయం లేదా? వచ్చే నెల పరీక్షదాకా ఆగవచ్చా?

అత్తగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఆవిడ తినవచ్చు అంటే సర్దుకుంటారు.


పసుపునది:

ఆగకూడదు. నేను మోతాదు గురించి అడిగింది అందుకే. 3.9 రావడానికి గోజీయే కారణమని ఖాయంగా చెప్పలేం, యాంటీబయాటిక్ వాడినా, నాలుగు రోజులు తిండి తగ్గినా పెరుగుతుంది. ఒకవేళ గోజీయే అయితే, అది ఉన్న రోజుల్లో మాత్ర తగ్గించారు. ఇప్పుడు గోజీ పోయింది, తగ్గించిన మాత్ర మిగిలింది. అంకె 2.5 కంటే కిందికి జారే అవకాశం ఉంది. లోహపు కవాటానికి అది ఎక్కువ ప్రమాదం. మీరుగా మాత్ర పెంచకండి. ఇవాళే గుండె డాక్టరుకు ఫోను చేసి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ కషాయం రోజూ తాగారు, ఇవాళ ఆపాం అని చెప్పండి. రెండు మూడు రోజుల్లో ఒకసారి, ఆ తరువాత వారానికోసారి, అంకె నిలకడగా నిలిచేదాకా పరీక్ష రాయమని అడగండి. ఈలోగా ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా, రోజూ వినిపించే కవాటం టిక్కుటిక్కు మూగబోయినట్టు అనిపించినా వేళతో పని లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నల్లటి విరేచనం, చిగుళ్ళ నుంచి రక్తం కనిపించినా అంతే.

మామగారికి ఇంకొక మాట. ఆకుకూరలు భయపడి మానేయవద్దు, ఒక్కసారిగా పెంచవద్దు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో ఉండాలి. ఇకమీదట ఎవరు ఏ పొడి, ఏ కషాయం, ఏ రసం తెచ్చినా ముందు డాక్టరుకు చూపించాలి.

అత్తగారు తినవచ్చు, ఆవిడ రక్తం పలచబడే మందులు, షుగరు మందులు, గుండె లయ మందులు ఏవీ వాడకపోతే. రోజుకు పెద్ద చెంచాడు చాలు. నానబెట్టి నీళ్ళు మాత్రమే తాగడం కాదు, పండు నమలాలి, అదీ భోజనంలో, కాస్త నూనో నెయ్యో ఉన్న పదార్థంతో. ఉప్మాలో వేసుకున్నా సరే. 28 గ్రాముల్లో సుమారు 13 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి గుప్పెళ్ళకు గుప్పెళ్ళు వద్దు. తిన్నాక నోరు, గొంతు దురద పెడితే వెంటనే మానేయాలి. స్పెయిన్‌లో పీచ్, టమాటా పడనివారికి ఇవి కూడా పడని సందర్భాలు నమోదయ్యాయి. పొట్లం అయిపోతే సింగపూర్ నుంచి తెప్పించవలసిన పని లేదు. మొక్కజొన్న కండెలోనూ, గుడ్డు పచ్చసొనలోనూ జియాజాంథిన్ ఉంది, తోటకూర, పాలకూరల్లో ల్యూటీన్ ఉంది.

మీరు ఏ మందులూ వాడకపోతే ఆ మిగిలిన పండ్లు తినేయండి. గాలి చొరబడని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, మన కోస్తా తేమకు బయట ఉంచితే ముద్ద కట్టి నల్లబడతాయి.


కోనసీమ కోడలు:

డాక్టరుగారికి ఫోను చేశాం. రేపు ఉదయమే రక్తం ఇవ్వమన్నారు, అంకె చూసి మాత్ర సంగతి చెబుతామన్నారు. మరిదికి కూడా రెండో పొట్లం వద్దని సందేశం పెట్టాను. అత్తగారు మధ్యాహ్నం పెరుగన్నంలో దానిమ్మ గింజలకు బదులు ఇవి వేసుకుని నమిలారు, బాగున్నాయట.